విజిల్ వేశాక తెగిన మోకాలికి ఎవరు కట్టాలి?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది విజయవాడ, పటమట. నేను ఇంట్లో బ్లౌజులు కుట్టుకుంటాను. మా తమ్ముడికి 22 ఏళ్లు, కబడ్డీ రైడర్. డబ్బులిచ్చి పిలిచే టీములకు ఆడతాడు, మ్యాచ్‌కి ఇంతని ఫోన్‌పేలో వేస్తారు. సంక్రాంతి అయ్యాక గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు లీగ్ జరిగింది. ఫ్లెక్సీల మీద ప్రొఫెషనల్ లీగ్ అనే వేశారు. సెమీఫైనల్లో వీడు రైడ్‌కి వెళ్తే మూలన నిలబడే కార్నర్ కుర్రాడు యాంకిల్ (చీలమండ) పట్టాడు. వెనక్కి తిరగబోతుంటే మ్యాట్ ముక్కల మధ్య సందులో కాలు ఇరుక్కుని పడిపోయాడు, విజిల్ కూడా వేశారు. విజిల్ వేశాక కార్నర్ పక్కన, కవర్‌లో ఉన్న ఇంకో కుర్రాడు అదే కాలికి కాళ్లతో కత్తెర వేసి మెలిపెట్టాడు. రిఫరీ గ్రీన్ కార్డు చూపించి వదిలేశాడు. డాక్టరు లేడు, అంబులెన్సు లేదు. స్ప్రే కొట్టి, పట్టేసి ఉంటుంది లేచి నడువు అన్నారు. రెండడుగులు వేసి మళ్లీ పడ్డాడు. ఆటోలో ఆసుపత్రికి పంపించారు. ఎమ్మారైలో ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంటు) పూర్తిగా తెగిందని, మెనిస్కస్ (మోకాలి లోపలి మెత్తటి ఎముక) కూడా చిరిగిందని వచ్చింది. ఆపరేషన్ అయింది. మళ్లీ ఆడతాడో లేదో చెప్పలేమన్నారు. టోర్నీకి ముందు 'గాయాలకు పూర్తి బాధ్యత నాదే' అని సంతకం పెట్టించుకున్నారు. ఇప్పుడు 50 వేలు ఇస్తాం, ఇంకో కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. స్టేషన్‌కి వెళ్తే ఆటలో దెబ్బలకి కేసేంటమ్మా అన్నారు. బంధువులేమో ఆ కత్తెర వేసిన కుర్రాణ్ణి వదలొద్దంటున్నారు. ఎవరి మీద వెళ్లాలి? అసలు ఇది కేసేనా? పేరు వేయకండి.

జవాబు: అమ్మా, ముందు ఒక పని. ఆ 50 వేల కాగితం మీద మీరూ సంతకం పెట్టకండి, తమ్ముడి చేతా పెట్టించకండి. డబ్బు అవసరం ఉంటుంది, కాదనను, ఆపరేషన్ అయిన ఇంట్లో అప్పుల బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు. తీసుకోవాలనుకుంటే తీసుకోండి, కానీ రసీదు మీరే రాయండి: 'ఆసుపత్రి ఖర్చుల కింద కొంత మొత్తం ముట్టింది, మిగతా పరిహారం అడిగే నా హక్కుకు దీనివల్ల భంగం లేదు' అని. ఆ రసీదుకు వాళ్లు ఒప్పుకోకపోతే డబ్బు దేనికి ఇస్తున్నారో అక్కడే తేలిపోతుంది. వాళ్లు టైపు చేయించుకొచ్చిన కాగితంలో ఎక్కడో ఒక మూల 'పూర్తి మరియు తుది పరిష్కారంగా' అని ఉండే ఉంటుంది, వెతకండి. దాని కింద సంతకం పడితే రేపు ఎంత పెద్ద వకీలును పెట్టుకున్నా, ముందు ఆ కాగితాన్ని దాటడానికే సగం ఓపిక అయిపోతుంది.

ఇక ఎవరి మీద అన్నది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ బంధువులు చూపిస్తున్న మనిషి మీ కేసులో ముఖ్యమైనవాడు కాదు. ముఖ్యులు ఆ లీగ్ నడిపినవాళ్లు. కాకపోతే అందరూ ఆ కుర్రాడి దగ్గరే మొదలుపెడతారు కాబట్టి నేనూ అక్కణ్ణించే వస్తాను.

ఆటలో దెబ్బలకి కేసేంటి అని స్టేషన్‌లో అన్న మాటలో సగం నిజం ఉంది. భారతీయ న్యాయ సంహితలో 25వ సెక్షన్ చూడండి, 2024 జులై 1కి ముందు ఐపీసీలో ఇదే 87గా ఉండేది. 18 ఏళ్లు దాటిన మనిషి తనకు తానుగా ఒప్పుకుని దిగిన పనిలో, ఎదుటివాడికి చంపాలనీ తీవ్రంగా గాయపరచాలనీ ఉద్దేశం లేకుండా, అలా జరిగే అవకాశం ఉందన్న ఎరుకా లేకుండా దెబ్బ తగిలితే అది నేరం కాదంటుంది. కింద ఒక ఉదాహరణ కూడా ఇచ్చారు: ఇద్దరు సరదాకి కత్తిసాము ఆడుకుందామని ఒప్పుకున్నారు, తొండి లేకుండా ఆడుతూ ఒకడు ఇంకొకణ్ణి గాయపరిచాడు, నేరం లేదు. 1860 నాటి చట్టంలోని ఉదాహరణే కొత్త చట్టంలోకీ వచ్చింది. కత్తిసాము తీసేసి కబడ్డీ అని పెట్టుకున్నా అచ్చంగా సరిపోతుంది. మీ తమ్ముడు కూత పెట్టుకుంటూ గీత దాటాడంటేనే యాంకిల్ హోల్డుకీ, ఢీకొట్టి బయటికి తోసే డ్యాష్‌కీ, నలుగురు మీద పడడానికీ ఒప్పుకున్నట్టు. ఆ కార్నర్ కుర్రాడు యాంకిల్ పట్టినప్పుడే కాలు విరిగి ఉంటే నేను మీకు ఇంత పెద్ద జవాబు రాసేవాణ్ణి కాదు, వదిలేయమనేవాణ్ణి.

కానీ 'తొండి లేకుండా' అన్న షరతు ఒకటుంది చూశారా, మీ తమ్ముడి వ్యవహారం అక్కడ మొదలవుతుంది. కబడ్డీ రూల్సులో స్పష్టంగా ఉంది, పట్టుకున్న రైడర్ కూత ఆపడానికి నోరు మూయకూడదు, గాయాలయ్యేలా మొరటుగా పట్టకూడదు, కాళ్లతో కత్తెర వేయకూడదు. గోళ్లు కత్తిరించుకుని రావాలి, ఒంటికి నూనె రాసుకోకూడదు అని కూడా రాసుకున్న ఆట అది. దెబ్బలు సహజం అని చెప్పి ఏ దెబ్బనైనా అందులో కలిపేసే ఆట కాదు. పైగా ఇక్కడ కత్తెర పడింది విజిల్ వేశాక. విజిల్ పడ్డాక రైడర్ ఔటయినట్టే, ఇక ఆపడానికి ఎవరూ లేరు. కాబట్టి కత్తెర పట్టుకీ మీ తమ్ముడు ఒప్పుకునే దిగాడు అని వాదించడం వాళ్లకి కష్టం.

రిఫరీ గ్రీన్ కార్డే ఇచ్చాడని మీరు దిగులు పడుతున్నట్టున్నారు. గ్రీన్ అంటే హెచ్చరిక, ఎల్లో అంటే రెండు నిమిషాలు బయట, రెడ్ అంటే ఆ మ్యాచ్‌లో ఇక లేనట్టే. రిఫరీ ఏ కార్డు ఇచ్చాడన్నది కోర్టు చూస్తుంది, దానికి విలువ కూడా ఇస్తుంది, కానీ దానికి కట్టుబడదు. ఒక లెక్కన గ్రీన్ కార్డు మీకే పనికొస్తుంది: అది తప్పుడు పట్టు అని రిఫరీ కూడా ఒప్పుకున్నాడు, ఎంత పెద్ద తప్పన్నదే ఇక మిగిలింది.

క్రిమినల్ కేసు పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు. పదిహేను రోజుల పాటు తన రోజువారీ పనులు చేసుకోలేని స్థితిలోకి మనిషిని నెట్టిన గాయం సంహితలో 116వ సెక్షన్ ప్రకారం తీవ్ర గాయమే, పాత చట్టంలో ఇది ఇరవై రోజులు. కావాలని చేశాడని తేలితే 117 కింద ఏడేళ్ల వరకూ ఉంది, నిర్లక్ష్యంగా చేశాడంటే 125 కింద మూడేళ్ల వరకూ. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లే దారి క్రిమినల్ కేసుల విధానం చెప్పే కొత్త చట్టంలో, అంటే నాగరిక్ సురక్షా సంహిత 173లో ఉంది. వద్దని నేను అనడం లేదు. కానీ మీరు ఉత్తరంతో పాటు నాకు పంపిన మ్యాచ్ వీడియో నలుగురూ కూర్చుని నెమ్మదిగా చూడండి. ఆ కుర్రాడు విజిల్ విన్నాడా? జనం అరుపుల్లో వినపడని విజిల్సు ఎన్ని ఉంటాయో మీ తమ్ముణ్ణే అడగండి, వాడే చెప్తాడు. అప్పటికే మీదికి దూకేసిన ఒళ్లు ఆగక కత్తెర పడిందా, లేక చూసి, ఆగి, వేశాడా? మొదటిదైతే క్రిమినల్ కేసు నిలబడదు. ఇంగ్లండ్‌లో 2004లో బార్న్స్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి కేసులో అప్పీలు కోర్టు ఇదే చెప్పింది, మైదానంలో జరిగిన ప్రతి ఫౌలూ నేరం కాదు, ఆట హద్దు బాగా దాటి పోయిన తీవ్రమైన పనైతేనే క్రిమినల్ కోర్టుకు రావాలి అని, కింది కోర్టు వేసిన శిక్షను కొట్టేసింది. రెండోదైతే మీ ఇష్టం, నేను ఆపను. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ కుర్రాడు కూడా మీవాడిలాగే స్పోర్ట్స్ కోటాలో ఏ పోలీసు ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో వస్తుందని ఆడేవాడై ఉంటాడు, ఎఫ్ఐఆర్ ఒకటి పడితే వాడి దారి మూసుకుంటుంది, మీకు మాత్రం రూపాయి రాదు.

సివిల్‌గా, అంటే డబ్బు కోసం, వాడి మీద వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. ఒక ఆటగాడు ఇంకో ఆటగాడికి జవాబుదారీ అని ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 1985లో కాండన్ వర్సెస్ బాసి కేసులో ఖాయం చేసింది. లోకల్ లీగ్ ఫుట్‌బాల్‌లో కాలు విరగ్గొట్టుకున్నాయనకు 4,900 పౌండ్లు ఇప్పించింది. అలాగని ప్రతివాడూ గెలవలేదు. చెల్సీకి ఆడిన పాల్ ఎలియట్ 1992లో లివర్‌పూల్ మ్యాచ్‌లో మోకాలు పోగొట్టుకుని, అంటే అచ్చం మీ తమ్ముడి గాయం లాంటిదే, డీన్ సాండర్స్ మీద కేసు వేసి 1994లో ఓడిపోయాడు. ఆ ట్యాకిల్ కావాలని చేసిందీ కాదు, ఒళ్లు తెలియకుండా చేసిందీ కాదు అని జడ్జి నమ్మాడు. ఆటలో క్షణంలో తీసుకున్న తప్పుడు నిర్ణయానికీ, ఎదుటివాడి ఒంటిని లెక్కచేయకపోవడానికీ మధ్య కోర్టులు గీత గీస్తాయి. ఆ గీతకు మీ కేసు ఏ పక్కన పడుతుందో మళ్లీ ఆ వీడియోనే చెప్పాలి. విదేశీ తీర్పులు మన కోర్టులను కట్టిపడేయవు గానీ, ఈ విషయంలో మన దగ్గర తీర్పులు తక్కువ కాబట్టి వాదనల్లో ఇవే వస్తాయి, జడ్జీలు వింటారు కూడా.

గెలిచారే అనుకోండి. మ్యాచ్‌కింత అని తీసుకునే కుర్రాడి దగ్గర వసూలు చేసుకునేది ఏముంటుంది? డిక్రీ చేతిలో పెట్టుకుని వాళ్ల ఊరు తిరగడమే. అందుకే వాడి వెనకాల ఉన్న టీముని చూడాలి. వాణ్ణి డబ్బులిచ్చి దింపింది ఎవరో, వాడి చొక్కా మీద ఎవరి పేరుందో కనుక్కోండి. పనివాడు పనిలో ఉండగా చేసిన తప్పుకు యజమాని కూడా బాధ్యుడే అన్న సూత్రం ఆటకూ వర్తిస్తుంది. 2008లో ఇంగ్లండ్‌లో రెడ్రూత్ అనే రగ్బీ క్లబ్బు కేసు నాకు మీ తమ్ముడి కేసు చదవగానే గుర్తొచ్చింది. అక్కడి ఆటగాడు పూర్తి ప్రొఫెషనల్ కూడా కాదు, వేరే ఉద్యోగం చేసుకుంటూ కాంట్రాక్టు మీద మ్యాచ్ డబ్బులకు ఆడేవాడు. విజిల్ పడ్డాక జరిగిన తోపులాటలో ఎదుటి జట్టువాణ్ణి గుద్దాడు, కంటి కింద ఎముక విరిగింది. గుద్దమని మేం చెప్పలేదు కదా అంది క్లబ్బు. కోర్టు వినలేదు, ఇలాంటి తోపులాటలు ఆ ఆటలో మామూలే, అవి జరుగుతాయని క్లబ్బుకు తెలుసు, కాబట్టి డబ్బు క్లబ్బే కట్టాలంది. మీ లాయరు ఆ టీము యజమానిని కూడా పార్టీగా చేర్చాలని నా సలహా. ఆ కుర్రాణ్ణి కూడా చేరుస్తారు, పద్ధతి కోసం తప్పదు, కానీ ఎందుకు చేర్చామో వాడికి ఎవరో ఒక పెద్దమనిషి చేత కబురు పెట్టండి. వాడు మీకు శత్రువుగా కంటే సాక్షిగా ఎక్కువ పనికొస్తాడు. బెంచీ మీంచి వాళ్ల కోచ్ ఏమని అరిచాడో వాడికే తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, లీగ్ నడిపినవాళ్లు. మీ ఉత్తరంలో డాక్టరు లేడు, అంబులెన్సు లేదు అని గట్టిగా రాశారు, మ్యాట్ సందు సంగతి మాత్రం ఏదో దారిన పోతూ చెప్పినట్టు చెప్పారు. నన్నడిగితే తారుమారు చేయాలి. మ్యాట్ మీ బలం.

ఎందుకంటే, డాక్టరు ఉన్నా ఏసీఎల్ తెగకుండా ఆపలేడు. అది తెగాల్సిన క్షణంలో తెగింది. 'డాక్టరు ఉంటే ఏం మారేది' అని ఎదుటి లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే, దానికి జవాబు సిద్ధంగా లేకపోతే మీ కేసు అక్కడే నీరుగారుతుంది. డాక్టరు లేకపోవడం ప్రాణాల మీదికి తెచ్చిన కేసు వేరే ఉంది. 1991 సెప్టెంబరు 21న లండన్‌లో వైట్ హార్ట్ లేన్ స్టేడియంలో మైకేల్ వాట్సన్, క్రిస్ యూబ్యాంక్ బాక్సింగ్ ఫైట్ జరిగింది. పన్నెండో రౌండులో ఫైట్ ఆపారు, వాట్సన్ కుప్పకూలాడు. రింగ్ పక్కనే ఊపిరి అందించి, తలకు ఆపరేషన్ చేసే ఆసుపత్రికి నేరుగా పంపాల్సింది, అది జరగలేదు. ముందు తీసుకెళ్లిన ఆసుపత్రిలో మెదడు ఆపరేషన్ చేసే సదుపాయమే లేదు. మనిషి బతికాడు గానీ ఒక పక్క చచ్చుబడింది. ఆయన యూబ్యాంక్ మీద వెళ్లలేదు, గమనించండి. ఆ దేశ బాక్సింగ్ బోర్డు మీద వెళ్లాడు, రింగ్ దగ్గర ఏ వైద్యం ఉండాలో రూల్సు పెట్టాల్సింది మీరే కదా అని. 2000 డిసెంబరులో అప్పీలు కోర్టు కూడా ఆయన పక్షానే తీర్పిచ్చింది. చివరికి 4 లక్షల పౌండ్లకు రాజీ అయింది. గుద్దిన మనిషిని పక్కన పెట్టి, పోటీ నిర్వహించే తీరు మీద జవాబు అడిగిన కేసుల్లో నాకు తెలిసి దీన్ని మించింది లేదు. మన దగ్గర 2004 డిసెంబరు 5న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఫెడరేషన్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్‌లో డెంపో క్లబ్బు ఆటగాడు క్రిస్టియానో జూనియర్ గోల్ కొడుతూ గోల్‌కీపర్‌ను ఢీకొని చనిపోయినప్పుడు మాత్రం, ఫెడరేషన్ ఆ గోల్‌కీపర్‌ను సస్పెండ్ చేసింది. మైదానంలో వైద్యం ఏర్పాట్ల మీద విమర్శలు వచ్చాయి, నాలుగు రోజులు మాట్లాడుకున్నారు, అంతే. మన వాళ్లకు దెబ్బ కొట్టిన చెయ్యి కనపడినంత తేలిగ్గా ఏర్పాటు చేయని చెయ్యి కనపడదు.

అయితే మీ విషయంలో డాక్టరు లేకపోవడం పనికిరాదా అంటే ఒక చోట పనికొస్తుంది. 'లేచి నడువు' అన్నారు చూడండి, అది. తెగిన మోకాలి మీద బరువు పెట్టించారు, అది మళ్లీ జారింది, తర్వాత ఆటోలో కాలు కట్టకుండా గతుకుల్లో తీసుకెళ్లారు. మెనిస్కస్ చిరిగింది ఎప్పుడు? కత్తెరలోనా, ఆ రెండడుగుల్లోనా? ఆపరేషన్ చేసిన ఆర్థో డాక్టరును ఇదే ప్రశ్న అడిగి, ఆయన ఏమంటే అది రాతలో తీసుకోండి. 'నడిపించడం వల్ల గాయం పెరిగే అవకాశం ఉంది' అన్న ఒక్క వాక్యం ఆయన లెటర్‌హెడ్ మీద ఉంటే డాక్టరు లేకపోవడానికి అప్పుడు లెక్క కట్టొచ్చు.

మ్యాట్ సంగతి అలా కాదు, దానికి మెడికల్ వాదనలేవీ అక్కర్లేదు. కబడ్డీ మ్యాట్ అంటే అంచులు ఒకదాంట్లో ఒకటి పళ్లలా ఇరికించే ముక్కలు. అడుగున నేల సమంగా లేకపోయినా, పాతబడి అంచులు అరిగినా, ఆడుతుంటే విడిపోయి సందు పడుతుంది. మీరు పంపిన వీడియో మూడుసార్లు ఆపి ఆపి చూశాను. మీ తమ్ముడి కాలు ఇరుక్కున్న చోట బ్రౌన్ టేపు అంటించి ఉంది, దాని ఒక కొస లేచి ఆడుతోంది. ఆ టేపు మీకు దొరికిన పెద్ద ఆధారం. సందు ఉందని వాళ్లకు తెలుసు, తెలిసే టేపు వేశారు, టేపు ఊడుతుందనీ తెలియాలి, అయినా దాని మీదే సెమీఫైనల్ ఆడించారు. మ్యాట్ వేసింది కాంట్రాక్టరు, మాకేం సంబంధం అంటారు. ఆటగాళ్లను దింపే ముందు చూసుకోవాల్సింది నిర్వాహకులే, కాంట్రాక్టరు దగ్గర వాళ్లు తర్వాత రాబట్టుకుంటారో లేదో వాళ్ల గొడవ. అంతకుముందు మ్యాచ్‌లో అక్కడే కాలు జారిన ఆటగాడు ఇంకెవరైనా ఉన్నారేమో తమ్ముణ్ణి కనుక్కోమనండి. ఉంటే బంగారం.

సందు వల్ల తెగిందా, కత్తెర వల్ల తెగిందా అని వాళ్లు ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. తోసుకోనివ్వండి. రెండు తప్పులూ కలిసి ఒక్క గాయం చేసినప్పుడు ఇద్దరి దగ్గరా అడిగే హక్కు దెబ్బ తిన్నవాడికి ఉంటుంది, వాటాలు వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి. అందుకే ఒకళ్ల మీదే వేయకండి అని చెప్పేది.

ముందే పెట్టిన సంతకం గురించి భయపడకండి, అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. 'గాయాలకు పూర్తి బాధ్యత నాదే' అన్న కాగితం ఆట వల్ల వచ్చే గాయాలకు వర్తిస్తుందని కోర్టు అనొచ్చు, నిర్వాహకుల నిర్లక్ష్యానికి కూడా వర్తిస్తుందని అందులో స్పష్టంగా రాసి లేకపోతే అంత దూరం లాగనివ్వదు. ఇలాంటి కాగితాల్లో అనుమానం వస్తే రాసినవాడికి వ్యతిరేకంగానే చదవాలి. పైగా సంతకం పెట్టకపోతే ఆడనివ్వం అన్నప్పుడు ఆ కుర్రాడికి బేరమాడే శక్తి ఎక్కడిది? బలవంతుడు బలహీనుడి నెత్తిన రుద్దిన అన్యాయపు షరతు చెల్లదని సుప్రీంకోర్టు 1986లో బ్రొజోనాథ్ గంగూలీ కేసులో చెప్పింది, అది ఉద్యోగం కేసు, ఇక్కడికీ వాదించొచ్చు. సంతకం పెట్టించుకున్నది ఎప్పుడు, మ్యాచ్‌కి ఎంత ముందు, చదివే టైము ఇచ్చారా, తెలుగులో ఉందా ఇంగ్లీషులోనా, కాపీ ఇచ్చారా అన్నవి తమ్ముడి చేత ఇప్పుడే ఒక నోటు పుస్తకంలో రాయించండి. (ఇదే లీగులో 18 ఏళ్లు నిండని పిల్లలెవరైనా ఆడి ఉంటే వాళ్ల సంతకానికి అసలు విలువే లేదు, మైనరు ఒప్పందం చెల్లదు.)

ఆధారాలు. వీడియో తీసిన ఫోనును అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు, ఎవరి ఫోనైతే వాళ్లను బతిమాలి ఆ ఒరిజినల్ ఫైలు అలాగే ఉంచమనండి. వాట్సాప్‌లో మీకొచ్చింది నలిగిపోయిన కాపీ. అందులో విజిల్ శబ్దం, టేపు అంచు సరిగా నిలవవు, ఈ కేసులో ఆ రెండే ప్రాణం. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కొత్త సాక్ష్య చట్టం, అంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, మీ లాయరు చూసుకుంటాడు, కానీ ఫోనే లేకపోతే ఆయనా ఏం చేయలేడు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు 'కబడ్డీ ఆడుతూ దెబ్బ' అని రాశారా, 'జారిపడ్డాడు' అని రాశారా చూడండి. జారిపడ్డాడు అని ఉంటే కేస్ షీటు కాపీ తీసుకుని ఇప్పుడే డాక్టరుతో మాట్లాడండి.

ఇంకోటి, ఇది చాలామందికి తట్టదు. ఇంత పెద్ద టోర్నమెంటుకు పోలీసు పర్మిషన్, గ్రౌండు పంచాయతీదో మున్సిపాలిటీదో అయితే వాళ్ల పర్మిషన్ తీసుకుని ఉండాలి. అలాంటి పర్మిషన్లలో అంబులెన్సు పెట్టాలి, ఫస్ట్ ఎయిడ్ ఉండాలి అని షరతులు రాయడం మామూలు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలకు మించని ఫీజుతో ఆ పర్మిషన్ కాపీ, దానికి నిర్వాహకులు పెట్టుకున్న అర్జీ కాపీ అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. అర్జీలో 'అన్ని వైద్య సదుపాయాలు ఏర్పాటు చేశాము' అని వాళ్లే సంతకం చేసి ఉంటే మీరు కోర్టులో వేరే ఏమీ చెప్పక్కర్లేదు. పర్మిషనే తీసుకోలేదని జవాబొస్తే అది ఇంకా మంచిది.

ఎంత అడగాలి అన్నారు కాదు గానీ అడుగుతారు. ఆసుపత్రి బిల్లులు, ఫిజియోథెరపీ, మందులు, ఆటో ఖర్చులు, మీరు కుట్టుపని ఆపుకుని ఆసుపత్రిలో కూర్చున్న రోజులు, బాధకు కొంత, వీటన్నిటికంటే పెద్దది పోయిన సంపాదన. దాన్ని రుజువు చేయడంలోనే ఆటగాళ్లు తేలిపోతారు, ఎవరి దగ్గరా కాగితం ఉండదు. మీ తమ్ముడి అదృష్టం, ఫోన్‌పేలో వేశారు. గత రెండేళ్ల స్టేట్‌మెంట్ దించుకుని, ఏ డబ్బు ఏ మ్యాచ్‌దో పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. 'సెమీస్ ఫీ' అని ఎవరైనా నోటు పెట్టి పంపి ఉంటే దాని స్క్రీన్‌షాట్ విడిగా తీయండి. ఆధార్ కార్డు కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇన్సూరెన్సు గురించి రెండు ముక్కలు. ఆటగాళ్లందరికీ ఇన్సూరెన్సు ఉందని ఆ లీగ్‌వాళ్లు ప్రచారం చేసుకుని ఉంటే పాలసీ నంబరు రాతపూర్వకంగా అడగండి. ఉంటే వెంటనే క్లెయిమ్ చేయండి, తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాసి, నెల రోజుల్లో తేల్చకపోతే ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ దగ్గరికి ఫీజు లేకుండా వెళ్లొచ్చు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా మీద ఆశ పెట్టుకోకండి, అది చావుకీ, కాలో చెయ్యో కన్నో శాశ్వతంగా పోతేనే, లిగమెంటుకు రాదు. పనిలో గాయపడితే తప్పెవరిదని చూడకుండా కార్మికులకు పరిహారమిచ్చే ఏర్పాటు 1923 నాటి చట్టం నుంచీ ఉంది, కానీ మ్యాచ్‌కింత అని తీసుకునే ఆటగాడు ఉద్యోగి కాదని టీమువాళ్లు వాదిస్తారు. తమ్ముడికి నెలకింత అని రాసిన కాంట్రాక్టు ఏదైనా ఉంటేనే ఆ దారి చూడండి, లేకపోతే టైము వేస్టు.

ఇలాంటి పరిహారం దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది. మూడేళ్లు ఉన్నాయి కదా అని ఊరుకుంటే టేపు ఊడిన మ్యాట్ ఎక్కడుంటుంది, చూసిన వాళ్లు ఎక్కడుంటారు? ముందు లాయరు నోటీసు స్పీడ్ పోస్టులో పంపించండి, నిర్వాహకులకు, రెండు టీముల యజమానులకు కూడా. నా అనుభవంలో ఇలాంటివి చాలావరకు నోటీసు తర్వాత రాజీకే వస్తాయి, అప్పుడు వాళ్లనోట వచ్చే అంకె వేరుగా ఉంటుంది. రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో రాయించండి, అది కోర్టు డిక్రీతో సమానం, తర్వాత మాట మార్చే వీలుండదు.

లాయరు ఫీజుకు భయపడుతుంటే గుంటూరు జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి, ఉచితంగా లాయరును ఇస్తారు. మహిళలకు ఆదాయం చూడకుండా ఇస్తారు కదా అని అర్జీ మీ పేరు మీద పెట్టకండమ్మా, దెబ్బ తగిలింది తమ్ముడికి, దావా వేయాల్సింది వాడు, కాబట్టి వాడి పేరు మీదే, వాడి ఆదాయం సర్టిఫికెట్‌తో పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ అయితే కుల ధృవీకరణ చాలు, ఆదాయం అక్కర్లేదు. కర్ర పట్టుకుని నడవగలిగితే వాణ్ణి వెంట తీసుకెళ్లండి, ఎమ్మారై ఫిల్మూ, డిశ్చార్జ్ కాగితమూ, ఫోన్‌పే స్టేట్‌మెంటూ రెండేసి జిరాక్సులు పెట్టుకోండి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి, మీ లాయరుకు కూడా, అడిగితే నేనన్నానని చెప్పండి.